మూయని చాకు

ఆ సోమవారం పొద్దున పార్సిల్ షెడ్డు గేటు దగ్గర కొత్తగా ఒక బల్ల కనిపించింది. బల్లమీద ప్లాస్టిక్ ట్రే, బల్ల వెనక యూనిఫారంలో ఒకామె. మూటల్లోంచి సరుకు మాయమవుతోందని కంపెనీ పెట్టిన గార్డు. లోపలికి పోయే ప్రతివాడూ ఒంటిమీద ఉన్న సామానంతా ట్రేలో పెట్టాలి. ఆమె చూశాక తీసుకుని లోపలికి పోవాలి.

"మా ఆవిడ కూడా ఇన్ని జేబులు వెతకదమ్మా" అన్నాడు లోడింగు చేసే డ్రమ్ము, చొక్కా జేబు తిరగేసి చూపిస్తూ.

"ఆవిడ వెతికితే ఏమన్నా దొరికేదేమో. నాకు చిల్లు దొరికింది" అంది ఆమె.

వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. డ్రమ్ము కూడా నవ్వి, ఆ పేరు తెచ్చిపెట్టిన పొట్ట లోపలికి లాక్కుని బల్ల పక్కనుంచి దూరాడు.

డ్రమ్ము వెనక మిలిటరీ ఉన్నాడు. సైన్యం వదిలేసి సగం జీవితం గడిచినా షెడ్డులో ఆయన్ని అందరూ పిలిచేది అలాగే. ఆయన రుమాలు పెట్టాడు. గది తాళంచెవి పెట్టాడు. కళ్ళజోడు డబ్బా పెట్టాడు. ఆ తరవాత నడుముకున్న తోలు ఒర విప్పి ట్రేలో పెట్టాడు.

గార్డు ఒరలోంచి చాకు బయటికి లాగింది. మడత చాకు. కానీ మడిచి లేదు.

"ఇదేంటి బాబాయ్, తెరిచే పెట్టుకున్నారు?"

"అది అలాగే ఉంటుంది."

"తెరిచిన కత్తి లోపలికి పోకూడదు. మడిచింది పోవచ్చు. అదుగో, బోర్డుమీద రాశారు."

"నేను ముయ్యను దాన్ని."

"ఎందుకని?"

మిలిటరీ నోరు తెరిచాడు. ఒక్క మాటలో అయ్యేది కాదు. ఎక్కడ మొదలుపెట్టాలో వెతుక్కుంటున్నాడు. వెనక లారీ హారన్ కొట్టింది. "అక్కడేమన్నా సంతకాలు పెడుతున్నారా, కదలండి" అని ఎవరో అరిచారు. గార్డు ఒకసారి వరస చూసింది. ఒకసారి బోర్డు చూసింది. చాకు వీపుమీద బొటనవేలు పెట్టి నొక్కింది.

ఆ చాకు కీలుకి ప్రతి ఆదివారం మిలిటరీ ఒక చుక్క నూనె వేస్తాడు. తుప్పు పట్టి ఉంటే ఆమె వేలికి లొంగేది కాదు. టక్కుమని మూసుకుంది.

"చూశారా, ఎంత సులువో" అని చాకు ఆయన చేతికిచ్చింది. "ఇక తీసుకుపోండి. మీకూ క్షేమం, మాకూ క్షేమం."

ఆయన చేతిలోకి చూస్తూ నిలబడ్డాడు. వెనకున్నవాడు భుజంతో నెట్టాడు. రుమాలూ తాళంచెవీ కళ్ళజోడూ ఒక్కొక్కటే జేబులో వేసుకున్నాడు. ఒర నడుముకి కట్టుకున్నాడు. మూసిన చాకు అందులో నిలవలేదు. గుప్పిట్లో పట్టుకుని లోపలికి నడిచాడు.

షెడ్డులో మిలిటరీ పని చిరిగిన మూటలు బాగుచేయడం. లారీల్లోంచి దిగేటప్పుడు కొన్ని మూటలు పగులుతాయి. గోనె చిరుగుతుంది, తాడు తెగుతుంది. అలాంటివన్నీ షెడ్డు చివర ఆయన కూర్చునే మూలకి చేరతాయి. పాత కట్టు కోసి, లోపలి సరుకు సర్ది, గోనె అంచులు రెండు మడతలు వేసి, దబ్బనంతో పురికొస లాగి కుట్టాలి. కుట్టాక కొస కొయ్యాలి. కుట్టేది దబ్బనమే అయినా రోజంతా చేతిలో ఆడేది చాకే.

ఆ రోజు మొదటి మూట ముందు కూర్చుని ఆయన కట్టుమీద వేళ్ళు పెట్టాడు. రెండు లారీల మీద వానలో తడిసి, ఎండి, బిగుసుకుపోయిన ముడి. దబ్బనం మొన దూర్చి వదులు చేశాడు. గోళ్ళతో లాగాడు. ముడి విడేసరికి మామూలుగా మూడు మూటలు అయిపోయేవి.

డ్రమ్ము ఇంకో మూట తెచ్చి పక్కన పడేసి, అలాగే నిలబడి చూశాడు.

"ఏంటన్నా, జడ విప్పుతున్నావా?"

మిలిటరీ ముడిలోకి మళ్ళీ దబ్బనం దూర్చాడు.

"చాకేదీ?"

"ఉంది."

"ఉంటే మరి?"

మిలిటరీ జేబులోంచి తీసి చూపించాడు. ఆ చాకుని డ్రమ్ము ఎప్పుడూ మూసి ఉండగా చూడలేదు. ఒకసారి ఆయన కీలుకి నూనె వేస్తుంటే, ముయ్యని చాకుకి నూనెందుకన్నా, కాపురం చెయ్యనివాడికి పందిరిమంచంలా, అని వెటకారం చేశాడు.

"ఎవరు మూశారు?"

"గేటు దగ్గర. ఆ అమ్మాయి."

"మూస్తే తెరువు. దానికేముంది?"

"నేను తెరవకూడదు. తెరిచినవాడే ముయ్యాలి. అది పట్టాలంలో మా గుడారం రూలు. ఈ చాకు అక్కడ మాతో ఉన్నవాడిది. వాడు తెరిచాడు. వచ్చి మూస్తానన్నాడు."

"ఎప్పుడొస్తాడు?"

"వాడెక్కిన ట్రక్కు లోయలో పడింది."

డ్రమ్ము భుజంమీద తుండుగుడ్డ తీసి మెడ తుడుచుకున్నాడు. కింద కూర్చుని, ముడికి రెండో కొస పట్టుకుని లాగాడు. ఇద్దరూ కలిసి విప్పారు. లేచేటప్పుడు మాత్రం "ఇన్నేళ్ళ నుంచీనా?" అని అడిగాడు.

"ఆ."

సాయంత్రం మిలిటరీ గదికి వెళ్ళాడు. బట్టల కొట్టు పైన ఒకే గది. మంచం, స్టవ్వు, ఒక కంచం, ఒక గ్లాసు. పట్టాలంలో నేర్చుకున్నట్టే దుప్పటి అంచులు పరుపు కిందికి దోపి ఉంటాయి. వచ్చిన వెంటనే ఒరలోంచి చాకు తీసి, పొడిగుడ్డతో తుడిచి, వాదర గోడవైపు పెట్టి కిటికీ గట్టుమీద ఉంచడం ఆయనకి అలవాటు. అది అలా ఉంటే గదిలో ఎవరో పని మధ్యలో లేచి బయటికి వెళ్ళినట్టుండేది. మళ్ళీ వచ్చి అందుకుంటారన్నట్టు.

ఆ రోజు గట్టుమీద పెట్టింది చాకులా లేదు. చెక్కముక్కలా ఉంది. అన్నం తింటూ రెండుసార్లు అటు చూశాడు. కంచం కడిగి వచ్చి చాకు చేతిలోకి తీసుకున్నాడు. అలుగుమీద గోరు పెట్టి లాగడానికి ఒక గాడి ఉంటుంది. ఇన్నేళ్ళలో ఆ గాడిని తుడవడమే గానీ గోరు పెట్టలేదు. ఇప్పుడు పెట్టాడు. లాగితే వస్తుంది. వస్తే తెరిచినవాడు తనే అవుతాడు. అప్పుడిక ఎవరికోసమూ ఉంచినట్టు కాదు. జేబులో చాకున్న వందమందిలో తనూ ఒకడు.

గోరు తీసేశాడు.

మర్నాడు గేటు దగ్గర గార్డు ఆయన కోసం చూస్తోంది. డ్రమ్ము నోట్లో మాట దాగదు.

"బాబాయ్, ఒక్క నిమిషం. ఆ సంగతి నాకు తెలీదు. ముందే చెప్పొచ్చుగా."

"చెప్పేలోపే అయిపోయింది."

"వరస ఆగిపోయింది బాబాయ్. మొదటిరోజు. సూపర్‌వైజరు పైనుంచి చూస్తున్నాడు." ఆమె గొంతు తగ్గించింది. "నేనే మూశాను కదా. నేనే తెరుస్తాను. రోజూ బయటికి వెళ్ళేటప్పుడు తెరిచి ఇస్తా, లోపలికి వచ్చేటప్పుడు... కాదులే, అప్పుడు మళ్ళీ ముయ్యాలి."

"వద్దమ్మా."

"పోనీ ఒక్కసారే తెరుస్తాను. మీరు ఇంట్లో పెట్టుకోండి."

"నువ్వు తెరిస్తే నీది అవుతుంది. నువ్వు మూసేదాకా అది నీ పూచీ."

"నాకెందుకు బాబాయ్ మీ చాకు పూచీ! ఇంట్లో ముగ్గురి పూచీకే దిక్కులేదు."

ఆయనకి నవ్వొచ్చింది. దాంతో ఆమెకి కాస్త ధైర్యం వచ్చింది. "మరి ఎవరు తెరవాలి?" అని అడిగింది.

ఆ ప్రశ్న ఆయనకి అంతవరకూ తట్టలేదు. ఎవరూ తెరవకూడదనే అనుకుంటున్నాడు. ట్రేలోంచి తాళంచెవి తీసుకుని లోపలికి పోయాడు. దబ్బనం పట్టుకున్నా అదే బుర్రలో తిరుగుతోంది. తను కాదు. ఈమె కాదు. తెరిచినవాడు లేడు. వాడి ఇంటివాళ్ళు?

సూపర్‌వైజరు కుర్రాడేం కాదు గానీ మిలిటరీకంటే చాలా చిన్నవాడు. బుధవారం వచ్చి మూలన పేరుకున్న మూటలు చూసి, స్టోర్లోంచి ప్లాస్టిక్ పిడి ఉన్న కట్టరొకటి తెప్పించి ఇచ్చాడు. బ్లేడు ముందుకి తోస్తే వస్తుంది, వెనక్కి లాగితే పోతుంది.

"దీంతో కానివ్వండి మిలిటరీ గారూ. అందరూ దీంతోనే చేస్తున్నారు."

చేశాడు. చాకుకి బరువుంది, ఆ బరువే తాడుని కోస్తుంది, చెయ్యి ఊరికే దారి చూపిస్తుంది. కట్టరుకి బరువు లేదు. నొక్కాలి. ఎంత నొక్కాలో చేతికి తెలీదు. మధ్యాహ్నం ఒక బట్టల బేలు కట్టు కోస్తుంటే తాడు తెగి, గోనె తెగి, గోనె కింద ప్లాస్టిక్ తెగి, దాని కింద మడతపెట్టిన గుడ్డ పొరలు పొరలుగా చీలాయి. ఆయన చెయ్యి ఆగేసరికి బ్లేడు సగం లోపల ఉంది.

సూపర్‌వైజరు గుడ్డ ఎత్తి చూశాడు. ఏమీ అరవలేదు. అరిచినా బాగుండేది.

"కళ్ళు ఆనుతున్నాయా పెద్దాయనా?"

"ఆనుతున్నాయి."

"ఈ వారానికి చీటీలు అంటించండి. కుట్టుపని ఇంకొకరు చూస్తారు. తరవాత మాట్లాడదాం."

గురువారం, శుక్రవారం, శనివారం మిలిటరీ చీటీలు అంటించాడు. బంకడబ్బా, కుంచె, చీటీల కట్ట. అతికించి అరచేత్తో ఒత్తితే అయిపోయినట్టే. తన మూలలో ఇంకొకడు కూర్చుని, మడత వెయ్యకుండా గోనె అంచులు అలాగే కుట్టేస్తున్నాడు. చూడకుండా ఉండటానికి అటు వీపు పెట్టి నిలబడ్డాడు.

"అన్నా" అన్నాడు డ్రమ్ము శనివారం, టీ గ్లాసు అందిస్తూ. "నువ్వు ఆ చాకు తెరిచావనుకో. ఆయనొచ్చి నిన్ను అడుగుతాడా?"

"అడగడు."

"మరి?"

"అడగడనే."

డ్రమ్ము టీ తాగేశాడు. "నాకు అర్థం కాలేదు. అయినా సరే. రేపేం చేస్తున్నావ్? మా ఇంటికి రారాదూ."

"ఊరెళుతున్నాను. వాళ్ళింటికి."

వాళ్ళ చిరునామా మిలిటరీకి నోటికి వచ్చు. వాడి పెట్టె ఇంటికి పంపేటప్పుడు మూతమీద తెల్లరంగుతో అక్షరాలు రాసింది ఆయనే. రాశాడు గానీ ఎప్పుడూ వెళ్ళలేదు. వెళ్ళి ఏం చెప్పాలో తెలిసేది కాదు. ఇప్పుడు చెప్పడానికి ఒక మాట ఉంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ మాట మనసులో అనుకుంటూ పోయాడు. ఇది మీవాడిది. పొరపాటున మూసుకుపోయింది. మీ చేత్తో ఒకసారి తెరిచి ఇవ్వండి. వాడి రక్తం తెరిస్తే వాడు తెరిచినట్టే. మళ్ళీ ఒరలో పెట్టుకుని వెనక్కి వచ్చెయ్యొచ్చు. ఇంట్లో ఎవరున్నారో, ఎవరూ లేరో, అది మాత్రం ఆలోచించకుండా జాగ్రత్తపడ్డాడు.

వీధి దొరికింది. ఆ నంబరు ఇల్లు ఇంకా ఉంది. ముందుగదే పనిగది. గోడకి కొట్టిన మేకులకి అడుగులు ఊడిన కుర్చీలు తలకిందులుగా వేలాడుతున్నాయి. నేలమీద నీళ్ళ తొట్టి, అందులో నానుతున్న పేము బద్దలు. ముక్కాలిపీట మీద ఒక పెద్దావిడ కూర్చుని, ఒళ్ళో కుర్చీ చట్రం పెట్టుకుని పేము అల్లుతోంది. కళ్ళజోడు దారంతో చెవికి కట్టి ఉంది. వాడు మాటల్లో చెప్పే అక్క ఈవిడే అయ్యుండాలి.

"కుర్చీ ఎక్కడ?" అంది తలెత్తకుండా.

"కుర్చీ లేదండి."

"కుర్చీ లేకుండా ఎందుకొచ్చావు నాయనా?"

"మీ తమ్ముడితో కలిసి పనిచేశాను. పట్టాలంలో."

ఆవిడ చెయ్యి ఆగింది. బద్ద వదలలేదు.

"నిచ్చెనతో" అన్నాడు మిలిటరీ.

"నిచ్చెన ఎవరు?"

ఆయన తడబడ్డాడు. తను ఆ పేరుతో తప్ప వాణ్ణి తలుచుకుని ఎన్నాళ్ళయిందో. చెయ్యి తల పైదాకా ఎత్తి చూపించాడు. "ఇంత పొడుగు. గుడారంలోకి వంగి వచ్చేవాడు. అందుకని అలా..."

"చిన్నోడు!" అంది ఆవిడ. "మా చిన్నోణ్ణి నిచ్చెన అనేవాళ్ళా? వాడు ఒక్క ఉత్తరంలోనూ రాయలేదే! రాస్తే మేమూ అలాగే పిలుస్తామని భయం కాబోలు." బద్ద కొసని మేకుకి చుట్టి, చేతులు తుడుచుకుంది. "కూర్చో తమ్ముడూ. నిలబడ్డావేం? ఆ పీట లాక్కో. అది కాదు, అది విరిగింది. ఆ రెండోది."

కూర్చున్నాడు. జేబులోంచి రుమాలు తీసి, రుమాలు విప్పి, చాకు ఆవిడ ముందు పెట్టాడు. బస్సులో అనుకున్న మాట మొదలుపెట్టేలోపే ఆవిడ అందుకుంది.

"ఇది మా నాన్నది."

గాడిలో గోరు పెట్టలేదు. రెండు వేళ్ళతో అలుగు పట్టి ఒక్క లాగు లాగింది, కూరగాయ తొడిమ తుంచినంత తేలిగ్గా. తొట్టిలోంచి ఒక పేము బద్ద తీసి, కొసన చాకు ఆనించి, ఒడుపుగా తోసింది. బద్ద నిలువునా రెండుగా చీలుతూ పోయింది. రెండు చీలికలూ వెలుగుకి పట్టి చూసింది.

"వాదర బాగా ఉంచావు. సాన పట్టీ పట్టీ సన్నబడింది గానీ నాన్న ఉన్నప్పటికంటే పదునుగా ఉంది." చాకు పక్కనున్న ఎత్తుపీట మీద పెట్టేసింది. తెరిచే పెట్టింది.

మిలిటరీ దానివైపు చూశాడు. వచ్చిన పని అయిపోయింది. ఇంకో మాట అక్కర్లేకుండా, వాడి ఇంటివాళ్ళ చేత్తోనే తెరుచుకుంది. అడిగి తీసుకుని లేవడమే మిగిలింది.

"పెట్టె వచ్చింది" అంది ఆవిడ. "బట్టలున్నాయి, బూట్లున్నాయి, అద్దం ఉంది, సగం వాడిన సబ్బు కూడా ఉంది. చాకు లేదు. అమ్మ పెట్టె అడుగున వేసిన కాగితం కూడా లేపి చూసింది. కొండల్లో పడిపోయిందనుకున్నాం."

"నా దగ్గరే ఉండిపోయింది. తెరిచి ఉంది. తెరిచిన చాకు పెట్టెలో పెట్టలేకపోయాను."

"మూసి పెట్టొచ్చుగా."

పేము నీళ్ళు ఆవిడ మోచేతి నుంచి తొట్టిలోకి కారుతున్నాయి. ఆయన ఆ చుక్కలు చూస్తూ, డ్రమ్ముకి చెప్పినట్టే చెప్పాడు. గుడారంలో రూలు. తెరిచినవాడే ముయ్యాలి. చాకు ఎవరడిగినా మీవాడు మూసే ఇచ్చేవాడు, మూసే పుచ్చుకునేవాడు. ఎవరన్నా తెరిచి వదిలేసి బయటికి పోతే కేకలేసి వెనక్కి పిలిచేవాడు. ఒకసారి మా ఆఫీసరు కూడా గుడారం దాటి పోయినవాడు వెనక్కి వచ్చి మూసి వెళ్ళాడు. అలా మూయకపోతే మంచిది కాదని మేమందరం నమ్మాం.

ఆవిడ భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని ఆయన మాట ఆపాడు. ఆవిడ కళ్ళజోడు పైకి తోసి కళ్ళు ఒత్తుకుంది. నవ్వుతోంది.

"అది మా అమ్మ తిట్టు!" అంది. "రూలంట! ఓరి వీడి సిగతరగ! ఈ గదిలో ఆ చాకు ఎక్కడ తెరిస్తే అక్కడ వదిలేసి పోయేవాడు. పీటమీద, కిటికీలో, ఒకసారి పక్కమీద. నాన్న తుమ్మితే చాలు, అపశకునమని అమ్మ చాకెక్కడ తెరిచి ఉందో చూసుకునేది. తెరిచినవాడే ముయ్యాలి, ఎన్నిసార్లు చెప్పాల్రా నీకు, అని పొద్దస్తమానం అదే పాట. వాడు విన్నదెప్పుడు? ఒక్కరోజు ముయ్యలేదు. అమ్మే మూసేది. అమ్మ లేకపోతే నేను."

మిలిటరీకి మొహం వేడెక్కింది. నూనె చుక్కలు, కిటికీ గట్టు, బూటు నాలుక కోసి తనే కుట్టుకున్న తోలు ఒర, గోరు పెట్టి తీసేసిన గాడి, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. "దొంగవెధవ" అన్నాడు పైకే. అన్నాక నాలిక కరుచుకున్నాడు.

"అను, అను" అంది ఆవిడ. "వాణ్ణి తిట్టేవాళ్ళు లేక ఎన్నాళ్ళయిందో."

ఇద్దరూ నవ్వారు. ఆయన నవ్వు ముందు ఆగిపోయింది. మంచు పడే ఆ గుడారంలో వాడు అలా గొంతు పెంచి కేకలేసేటప్పుడు అది ఎవరి గొంతో తమకి తెలీలేదు. తెలిసే అవకాశం లేదు. వాడొక్కడికే తెలుసు. వాడు రోజూ వింటున్నాడు.

ఆవిడ మేకుకి చుట్టిన బద్ద విప్పి మళ్ళీ అల్లిక మొదలుపెట్టింది. పైన ఒకటి, కింద ఒకటి. కాసేపటికి, చేతులవైపే చూస్తూ అడిగింది.

"అక్కడ మూసేవాడా?"

"ప్రతిసారీ."

"నిజంగా?"

"ఒక్కసారి తప్ప. బూటు లేసు కొస చీకిపోతే కోసుకుంటున్నాడు. డ్రైవరు హారన్ కొట్టాడు. ఎవరూ ముట్టుకోకండి, వచ్చి మూస్తాను అని పెట్టెమీద పెట్టి పరిగెత్తాడు. రెండో బూటు కట్టుకోనేలేదు."

ఆవిడ చేతిలో బద్ద ఒకచోట తప్పు దారి తీసింది. వెనక్కి లాగి మళ్ళీ దూర్చింది.

"అమ్మకి చెబితే నమ్మేది కాదు" అంది. "వాడు మూసేవాడంటే." బద్ద బిగించింది. "పోనీలే. నువ్వు చూశావుగా."

లోపలికి వెళ్ళి టీ తెచ్చింది. గ్లాసు ఆయన చేతికిచ్చి, తనది నేలమీద పెట్టుకుంది. మిలిటరీ ఉండే చోటు అడిగింది, చేసే పని అడిగింది, ఇంట్లో ఎవరెవరున్నారని అడిగింది. ఎవరూ లేరంటే నాకూ అంతే, కుర్చీలున్నాయి, కూర్చునేవాళ్ళు లేరు, అంది. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. తొట్టిలో పేము బద్దలు నీళ్ళు పీల్చుకుని మెల్లగా అడుక్కి దిగుతున్నాయి.

"ఇంతకీ ఇప్పుడెందుకు తెచ్చావు తమ్ముడూ?"

మాట సిద్ధంగానే ఉంది. బస్సు ఎక్కిన దగ్గర నుంచి దిగినదాకా అనుకున్నదే. ఒకసారి తెరిచి ఇవ్వండి, పట్టుకెళతాను. తెరవడం కూడా అయిపోయింది. ఇక సగమే చెప్పాలి.

"మీకిద్దామని" అన్నాడు.

"మంచిపని చేశావు" అంది ఆవిడ, ఇందులో అనుకోవలసింది ఏమీ లేనట్టు. "బజార్లో కొన్నవి పేముకి ఆగవు. రెండు నెలలకొకటి విరుగుతుంది."

ఆయన టీ పూర్తిచేశాడు. గ్లాసు ఎక్కడ పెట్టాలో చూసి, తలుపు పక్కన పెట్టాడు. అప్పటికి ఆవిడ అల్లిక మధ్యకి వచ్చింది. కుర్చీ అడుగున అది బిగుతు పట్టే చోటు. నాలుగు బద్దలు ఒక్కసారి లాగి పట్టుకోవాలి, వదిలితే మొదటినుంచీ సడలిపోతుంది. రెండు బద్దలు ఎడమచేతి వేళ్ళకి చుట్టుకుంది, ఒకటి కుడిచేత్తో లాగుతోంది, ఇంకోటి పళ్ళతో పట్టుకుంది.

"వెళ్ళొస్తానక్కా. బస్సుకి టైమవుతోంది."

ఆవిడ పళ్ళ మధ్య బద్దని మోకాలి కిందికి మార్చింది.

"మంచిది. మళ్ళీ రా. దారి తెలిసిందిగా." తల పక్కకి విదిలించి ఎత్తుపీట వైపు చూపించింది. "పోతూపోతూ ఆ చాకు కాస్త ముయ్యి తమ్ముడూ. నా చేతులు ఖాళీ లేవు."

ఆయన గడప దగ్గర ఆగాడు. చాకు ఆవిడ పెట్టిన చోటే ఉంది. దానిచుట్టూ పేము పొట్టు రాలి ఉంది. వెనక్కి వచ్చాడు. పొట్టు ఊది, చాకు చేతిలోకి తీసుకున్నాడు. తడి అంటుకుని ఉంది. చొక్కా కొసతో ఇటూ అటూ తుడిచాడు. వీపుమీద బొటనవేలు పెట్టాడు. ఎంత నొక్కాలో ఆయనకి తెలీదు. కొంచెం నొక్కాడు. కదిలింది. ఇంకొంచెం నొక్కాడు. చివరిదాకా వేలు తియ్యకుండా దిగబెట్టాడు. చప్పుడు రాలేదు.

"మూశావా?" అంది ఆవిడ, అల్లికలోంచి తలెత్తకుండా.

"మూశానక్కా."